ప్రోగ్రామింగ్ రంగంలో ఆంగ్లాధిపత్యం: తెలుగు ప్రత్యామ్నాయ వాదాల పునఃపరిశీలన

వ్యాససంగ్రహం

కంప్యూటర్ ప్రోగ్రామింగ్‌లోనూ, ప్రోగ్రామర్ల ఆన్‌లైన్ సమూహాల్లోనూ ఆంగ్లం ప్రధాన వ్యవహారభాషగా స్థిరపడింది. దీనికి సమాధానంగా తెలుగులో మూడు వాదాలు వినిపిస్తుంటాయి. ప్రోగ్రామింగ్ భాషల కీవర్డులను తెలుగు చేయాలన్నది మొదటిది. సంస్కృత వ్యాకరణ సంప్రదాయమే కంప్యూటర్‌కు అనువైనదన్నది రెండవది. పారిభాషికపదాలను నిర్మించి ఇస్తే చాలునన్నది మూడవది. ఈ మూడు వాదాలనూ చారిత్రక, భాషాశాస్త్ర ఆధారాలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆంగ్లాధిపత్యం కీవర్డుల్లో కంటే వివరణలోనూ, ప్రశ్నోత్తరాల్లోనూ బలంగా ఉందని, ఆ వివరణ తెలుగులో మౌఖికంగా ఇప్పటికే ఉన్నా రాతలోకి రాలేదని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

ముఖ్యపదాలు: ప్రోగ్రామింగ్ భాషలు, ఆంగ్లాధిపత్యం, కీవర్డులు, పారిభాషికపదాలు, శిష్టవ్యావహారికం, శాస్త్రవచనం, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం

ఆధునిక తెలుగు వచనం గురించి జరిగిన చర్చలో కథ, నవల, పత్రికారచన, పాఠ్యపుస్తకం ప్రధానస్థానం పొందాయి. సాంకేతిక వృత్తుల్లో వాడే వచనం గురించిన విమర్శ చాలా తక్కువ. తెలుగువారు అత్యధికంగా ప్రవేశించిన ఆధునిక వృత్తుల్లో సాఫ్ట్‌వేర్ ఒకటి. అయినా ఆ వృత్తికి తెలుగులో లిఖితవచనం దాదాపు లేదు. చేనేతకు, కుండల తయారీకి, సేద్యానికి సొంత పలుకుబడి ఉన్న భాషలో ఈ వృత్తికి మాత్రం రాతభాష ఎందుకు ఏర్పడలేదన్నది సాంకేతికశాస్త్రానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. అది భాషావిమర్శకు చెందిన ప్రశ్న కూడా.

ఈ లోటు ప్రభావం ముందుగా పడేది తెలుగు మాధ్యమంలో ఇంటర్మీడియట్ దాకా చదివి ఇంజినీరింగ్‌లో చేరిన విద్యార్థి మీద. అతడు ఒకేసారి రెండు కొత్త విద్యలు నేర్చుకోవలసి వస్తుంది. ఒకటి ప్రోగ్రామింగ్, రెండవది దాన్ని వివరించే ఆంగ్లం. తెలియనిది ఏ విద్యకు చెందిందో కూడా చాలాసార్లు అతడికి బోధపడదు. ఫిలిప్ గువో 2018లో ప్రచురించిన అధ్యయనం 86 దేశాలకు చెందిన 840 మంది అభ్యాసకుల సమాధానాలను విశ్లేషించింది. ఆంగ్లం మాతృభాష కానివారికి పాఠ్యసామగ్రి చదవడం, సాంకేతిక సంభాషణ జరపడం, కోడ్ చదవడం, రాయడం, ఆంగ్లాన్నీ ప్రోగ్రామింగ్‌నూ ఒకేసారి నేర్చుకోవడం ప్రధానమైన ఇబ్బందులుగా అందులో తేలాయి. ఈ జాబితాలో కీవర్డులు ఒక చిన్న భాగం మాత్రమే అన్నది ఇక్కడ గమనార్హం.

2. ఆంగ్లం ఒక నిర్ణయంగా వచ్చిన తీరు

ప్రోగ్రామింగ్ భాషలు ఆంగ్లంలో ఉండటం యంత్రస్వభావం వల్ల వచ్చిందన్న భావన సాధారణంగా కనిపిస్తుంది. చరిత్ర ఈ భావనను సమర్థించదు. 1950ల నడుమ అమెరికాలో గ్రేస్ హాపర్ బృందం వ్యాపారలెక్కల కోసం ఆంగ్లపదాలతో రాసే కంపైలర్‌ను ప్రతిపాదించింది. అదే చిన్న ప్రోగ్రామ్‌ను ఫ్రెంచి, జర్మన్ పదాలతో కూడా చూపింది. కంపైలర్‌కు ఈ పదాలన్నీ బిట్ల వరుసలే కాబట్టి ఏ భాషాపదమైనా ఒకటేనన్నది హాపర్ వాదన. ఫిలడెల్ఫియాలో తయారైన అమెరికన్ యంత్రానికి ఫ్రెంచి, జర్మన్ ఎలా అర్థమవుతాయని యాజమాన్యం కంగారుపడిందని, చివరికి ఆంగ్లానికే పరిమితమవుతామని తాము మాట ఇవ్వవలసి వచ్చిందని ఆమె 1978లో ఒక ప్రసంగంలో గుర్తుచేసుకున్నారు. యంత్రానికి లేని అభ్యంతరం సంస్థకు ఉందని ఈ ఉదంతం చెబుతుంది.

యూరోపియన్, అమెరికన్ శాస్త్రజ్ఞులు కలిసి రూపొందించిన ఆల్గాల్-60 నివేదిక మరో మార్గాన్ని తెరిచి ఉంచింది. భాషకు ఆధారరూపం, ప్రచురణరూపం, యంత్రరూపం అని మూడు స్థాయిలను అది వేరుచేసింది. ‘బిగిన్’ వంటి పదాన్ని అక్షరాల కూర్పుగా కాక విడదీయరాని ఒకే చిహ్నంగా భావించింది. ఆ చిహ్నాన్ని ఏ దేశంవారు ఏ పదంతో చూపినా ప్రోగ్రామ్ అర్థం మారదు. తర్వాత వచ్చిన ఆల్గాల్-68 రష్యన్ వంటి భాషల్లోకి అధికారికంగా వెళ్ళగలగడానికి ఈ దృష్టే దారి వేసింది. అయితే అమెరికన్ సంస్థల యంత్రాలతోపాటు వాటి భాషలూ వ్యాపించడంతో ఈ మార్గం క్రమంగా మూసుకుపోయింది.

లిపి విషయంలోనూ ఇదే జరిగింది. 1963లో వెలువడిన ఆస్కీ ప్రమాణంలో 128 స్థానాలు ఉన్నాయి. అవి ఆంగ్లానికి సరిపోయాయి. యూరప్ భాషల్లోని అనేక గుర్తులకే అందులో చోటు లేదు. తెలుగుకు 1991నాటి ఇస్కీ, యూనికోడ్ ప్రమాణాల దాకా నిలకడైన స్థానం దొరకలేదు. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని తెలుగువారు ఇంటర్నెట్ వార్తాసమూహాల్లో తెలుగును రోమన్ అక్షరాల్లో రాసుకోవలసి వచ్చింది. రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్టీఎస్ లిప్యంతరీకరణ పద్ధతి ఆ అవసరం నుంచి పుట్టినదే.

3. ఆధిపత్యపు పొరలు

ఆంగ్లాధిపత్యాన్ని ఒకే రాశిగా చూడటం వల్ల చర్చ అస్పష్టమవుతోంది. ప్రోగ్రామింగ్‌లో ఆంగ్లం కనీసం నాలుగు పొరల్లో పనిచేస్తుంది.

మొదటిది కీవర్డుల పొర. ఇది అన్నిటికంటే పలుచనైనది. 1989నాటి సీ ప్రమాణంలో కీవర్డులు 32. నేటి పైథాన్‌లో 35. ఆంగ్లం రాని విద్యార్థి వీటిని గుర్తులుగా కొద్దిరోజుల్లోనే నేర్చుకోగలడు.

రెండవది పేర్ల పొర. గ్రంథాలయాల్లోని ఫంక్షన్లకు, వేరియబుళ్ళకు పెట్టే పేర్లు ఇందులోకి వస్తాయి. వీటి సంఖ్యకు పరిమితి లేదు. చదివేవాడికి ప్రోగ్రామ్ ఉద్దేశం తెలిసేది ఈ పేర్ల వల్లనే. 2008లో వచ్చిన పైథాన్ మూడవ రూపం నుంచి పేర్లను తెలుగు లిపిలోనూ పెట్టుకోవచ్చు. ‘మొత్తం’ అన్న వేరియబుల్ అందులో చెల్లుతుంది. కాని ‘ఫైల్‌పేరు’ అని రాస్తే చెల్లదు. పొల్లును విడిగా నిలపడానికి తెలుగు రాతలో తప్పనిసరైన జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తును పైథాన్ పేర్లలో అనుమతించదు. తెలుగు అక్షరాలకు తలుపు తెరుచుకుంది గాని తెలుగు వర్ణక్రమానికి పూర్తిగా తెరుచుకోలేదు.

మూడవది లిపివ్యవస్థ గురించిన అంతర్గత ఊహల పొర. ‘తెలుగు’ అన్న పదంలో తెలుగువారి లెక్క ప్రకారం మూడక్షరాలు ఉన్నాయి. పైథాన్‌లో పొడవును కొలిచే ఫంక్షన్ ఆరు అని చెబుతుంది, ఎందుకంటే అది హల్లునూ గుణింతపు గుర్తునూ వేరువేరుగా లెక్కిస్తుంది. పదాన్ని తిరగరాసే ప్రోగ్రామ్ ప్రతి ప్రాథమిక పాఠంలోనూ ఉంటుంది. దాన్ని తెలుగు పదానికి ప్రయోగిస్తే గుణింతపు గుర్తు హల్లు లేకుండా మొదట్లోకి వచ్చి పడుతుంది. ‘ఛందం’ వంటి గణవిభజన ఉపకరణాన్ని తయారుచేసేవారు ముందుగా అక్షరం అంటే ఏమిటో యంత్రానికి నిర్వచించి చెప్పవలసి ఉంటుంది. ఆంగ్ల పాఠ్యపుస్తకంలో ఈ ప్రశ్నకు చోటే లేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ సంయుక్తాక్షరానికి చెందిన ఒక గుర్తుల వరుస ఐఫోన్లలో సందేశ అనువర్తనాలను స్తంభింపజేసింది. జకారం, పొల్లు, ఞకారం, జీరో విడ్త్ నాన్ జాయినర్, దీర్ఘం అనే ఐదు సంకేతాలు ఆ వరుసలో ఉన్నాయి. ఆపిల్ సంస్థ కొద్దిరోజుల్లోనే దాన్ని సరిదిద్దింది. అయినా తెలుగు లిపి మార్గంలో పరీక్ష ఎంత తక్కువగా జరుగుతోందో ప్రపంచానికి తెలిసింది.

నాలుగవది వివరణ, సంభాషణల పొర. నిర్దేశికలు, దోషసందేశాలు, ప్రశ్నోత్తరాలు, కోడ్ గురించిన వాదోపవాదాలు ఇందులో భాగం. ఇది అన్నిటికంటే మందమైన పొర. ఆంగ్లేతర దేశాల్లో పుట్టిన భాషలు సైతం దీన్ని దాటలేదు. లువా భాష 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో పుట్టింది. దాని నిర్మాతలు పోర్చుగీసు మాట్లాడేవారు. అయినా కీవర్డులు మొదలుకొని ప్రధాన గ్రంథం దాకా ఆంగ్లంలో రాశారు. ఈ పరిస్థితిని యూరీ తఖ్తేయెవ్ 2012లో ప్రచురించిన పరిశోధనగ్రంథంలో వివరంగా చర్చించారు. ప్రపంచం తమను పట్టించుకోవాలంటే స్థానికభాషను పక్కన పెట్టడం ఆ నిర్మాతలకు అనివార్యంగా కనిపించింది. డచ్చి దేశస్థుడు సృష్టించిన పైథాన్, జపాన్‌లో పుట్టిన రూబీ కూడా ఆంగ్ల కీవర్డులనే ఎంచుకున్నాయి. మీ భాష రానివారు ఆ కోడ్‌ను ఎన్నటికీ చదవరని పూర్తి నమ్మకం ఉంటే తప్ప వ్యాఖ్యలను ఆంగ్లంలోనే రాయమని పైథాన్ శైలీనియమావళి సలహా ఇస్తుంది.

ఈ సలహా వెనుక ఉన్న వాదాన్ని తేలికగా తోసిపుచ్చలేము. అందరికీ ఒకే భాష ఉంటే రియోలో దొరికిన పరిష్కారం వరంగల్లులోని విద్యార్థికి కూడా అందుతుంది. చిన్న చిన్న భాషల్లోకి జ్ఞానం చీలిపోతే అందరూ నష్టపోతారని స్టాక్ ఓవర్‌ఫ్లో స్థాపకుల్లో ఒకరైన జెఫ్ ఆట్‌వుడ్ 2009లో వాదించారు. అయితే అదే వేదిక తర్వాతి సంవత్సరాల్లో పోర్చుగీసు, జపనీస్, రష్యన్, స్పానిష్ భాషలకు విడి విభాగాలు ఏర్పరచింది. ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక ఉమ్మడి భాష అవసరమే. నేర్చుకోవడానికి, మొదటి ప్రశ్న అడగడానికి కూడా అదే భాష కావాలన్న షరతు మాత్రం అవసరం కాదు. ఈ తేడాను ఆ వేదిక ఆచరణలో అంగీకరించిందని చెప్పవచ్చు. భారతీయ భాషలకు అక్కడ విడి విభాగం రాలేదు.

4. తెలుగు ప్రత్యామ్నాయ వాదాలు

4.1. కీవర్డుల అనువాదవాదం

‘ఇఫ్’కు ‘ఒకవేళ’, ‘ఎల్స్’కు ‘లేకపోతే’ అని మార్చి తెలుగు ప్రోగ్రామింగ్ భాషను తయారుచేయవచ్చునన్నది ఈ వాదం. తమిళంలో ‘ఎళిల్’ వంటి ప్రయత్నాలు ఈ దిశలో జరిగాయి. దీనికి ప్రయోజనం లేదనలేము. స్క్రాచ్ భాషను పరిశీలించిన సాయమిందు దాస్‌గుప్తా, బెంజమిన్ మాకో హిల్ తమ 2017నాటి అధ్యయనంలో, సొంతభాషలోని ఆదేశాలతో పనిచేసే పిల్లలు కొత్త భావనలను త్వరగా అందుకుంటున్నారని చూపారు. ప్రాథమిక దశలో ఈ మేలును గుర్తించాలి.

అయితే తెలుగు వాక్యనిర్మాణం దృష్ట్యా మాటకు మాట అనువాదం నిలవదు. తెలుగులో షరతును చెప్పేది ‘ఒకవేళ’ కాదు, క్రియకు చేరే ‘-తే’ ప్రత్యయం. ‘అంకె పెద్దదైతే’ అన్నప్పుడు ‘ఒకవేళ’ లేకపోయినా అర్థం చెడదు. ‘-తే’ తీసేస్తే వాక్యమే నిలవదు. కాబట్టి ‘ఒకవేళ అంకె > 5’ అన్న ఆదేశం తెలుగు పదంతో రాసిన ఆంగ్లవాక్యం. ‘ఎల్స్’ విషయం మరింత ఆసక్తికరం. రెండు విలువలు సమానమా అని అడిగినప్పుడు దాని ప్రతికూలరూపం తెలుగులో ‘కాకపోతే’. ఒక జాబితాలో ఆ పేరు ఉందా అని అడిగినప్పుడు ‘లేకపోతే’. అగు, ఉండు ధాతువుల భేదాన్ని తెలుగు ఇక్కడ తప్పక పాటిస్తుంది. ఆంగ్లంలోని ఒక్క కీవర్డు తెలుగులో రెండుగా విడిపోతుంది.

తెలుగు వంటి క్రియాంత భాషకు అనువైన నిర్మాణం సాధ్యమే. ఫోర్త్ భాషలో విలువలు ముందు, క్రియ తర్వాత వస్తాయి. 1980లలో జపాన్‌లో రూపొందిన మైండ్ భాష ఈ పద్ధతిని స్వీకరించింది. నాదేశికో అనే మరో జపనీస్ భాష విభక్తిస్థానీయాలైన పదాంశాలను ఆధారం చేసుకొని ఏ పదం ఏ పాత్రకు చెందిందో గుర్తిస్తుంది. ను, కు, తో వంటి తెలుగు విభక్తిప్రత్యయాలు ఈ పనికి చక్కగా సరిపోతాయి. ఈ దిశలో ఆలోచించడానికి కంప్యూటర్ శాస్త్రం తెలిసినవారితోపాటు తెలుగు వ్యాకరణం తెలిసినవారూ కావాలి.

అయినా ఇటువంటి భాష తనంత తానుగా జీవించదు. రష్యాలో 1సీ సంస్థ ఖాతాల వ్యవస్థకు చెందిన భాషలో రష్యన్ కీవర్డులు విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. దానికి కారణం కీవర్డులు మాత్రమే కాదు. ఆ దేశపు ఖాతా నియమాలు, నిర్దేశికలు, శిక్షణ, ఉద్యోగాలు, వృత్తిపరమైన సంభాషణ అన్నీ రష్యన్‌లో ఉన్నాయి. కీవర్డు ఆ సంభాషణ వెంట నడిచింది.

ఈ సంగతికి తెలుగులోనే ఒక రుజువు ఉంది. తెలుగు వికీపీడియాలో ఒక పేజీని మరో పేజీకి మళ్ళించడానికి ‘#దారిమార్పు’ అని తెలుగులో ఆదేశం రాయవచ్చు. దాన్ని సాఫ్ట్‌వేర్ అమలుచేస్తుంది. అక్కడ టెంప్లేటును ‘మూస’ అంటారు, కేటగిరీని ‘వర్గం’ అంటారు. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వంలో రాసేవారు తమ వాదవివాదాలను చర్చాపేజీల్లో తెలుగులోనే సాగిస్తారు. ‘మూస’ అన్న పదం బతికింది ఆ చర్చల వల్లనే.

4.2. సంస్కృత ఘనతావాదం

సంస్కృతం కంప్యూటర్‌కు అత్యంత అనువైన భాషని అమెరికా అంతరిక్షసంస్థ ప్రకటించిందన్న మాట సభల్లో, పత్రికల్లో తరచుగా వినిపిస్తుంది. దీనికి మూలం 1985లో ఏఐ మ్యాగజైన్‌లో రిక్ బ్రిగ్స్ రాసిన వ్యాసం. సంస్కృత వైయాకరణులు శాబ్దబోధను విశ్లేషించిన పద్ధతికీ, కృత్రిమమేధలో అర్థాన్ని సంబంధాల వలగా చూపే పద్ధతికీ ఉన్న పోలికను ఆయన చర్చించారు. సంస్కృతంలో ప్రోగ్రాములు రాయాలని ఆయన ప్రతిపాదించలేదు. అది ఒక పరిశోధకుడి వ్యాసం గాని సంస్థ ప్రకటన కాదు.

పాణినీయ సంప్రదాయానికి కంప్యూటర్ శాస్త్రంతో నిజమైన సంబంధాలు లేకపోలేదు. ప్రోగ్రామింగ్ భాషల వ్యాకరణాన్ని రాసే బాకస్ సంకేతపద్ధతికి పాణిని పేరు కూడా చేర్చాలని పీటర్ ఇంగర్‌మన్ 1967లో సూచించారు. భారతీయ భాషల యంత్రవిశ్లేషణకు కారకసిద్ధాంతాన్ని ఆధారం చేసుకొని ‘అక్షర భారతి’ బృందం 1995లో గ్రంథం ప్రచురించింది. ఇవి గంభీరమైన కృషికి ఫలితాలు. ఘనతావాదం వీటిని చదవదు. ప్రాచీనులకు అంతా తెలుసునన్న తృప్తిని మాత్రం అందిస్తుంది. దోషసందేశం అర్థంకాక ఆగిపోయిన విద్యార్థికి ఆ తృప్తి వల్ల కలిగే మేలు లేదు. పైగా తెలుగు గురించిన ప్రశ్నకు సంస్కృతం గురించిన సమాధానం ఇచ్చి ఈ వాదం అసలు సమస్యను దాటవేస్తుంది.

4.3. పదనిర్మాణవాదం

మూడవ వాదం మరింత గౌరవించదగినది. 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి కాలం నుంచి శాస్త్రవిషయాలను తెలుగులో చెప్పాలన్న పట్టుదల కొనసాగుతోంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాల ద్వారా పదజాలాన్ని స్థిరపరచింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రాచార్యులుగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు తెలుగులో విజ్ఞానరచనలు చేయడమే కాక 2002లో ఆంగ్ల-తెలుగు నిఘంటువు వెలువరించారు.

ఈ కృషిలోని లోపం పదాల నాణ్యతకు సంబంధించింది కాదు. పదం ముందు, వాడుక తర్వాత అన్న క్రమానికి సంబంధించింది. ‘సంగణకం’, ‘కలనయంత్రం’ వంటి పదాలు నిర్దుష్టమైనవే. వాటిని వాడి నిత్యం రాసుకునే సమూహం లేనందువల్ల అవి జాబితాల్లోనే మిగిలాయి. దీనికి భిన్నమైన అనుభవం తెలుగు బ్లాగుల్లో కనిపిస్తుంది. 2006 ప్రాంతంలో లేఖిని వంటి ఉపకరణాలతో యూనికోడ్ తెలుగు రాయడం సులభమయ్యాక ‘అంతర్జాలం’, ‘టపా’, ‘లంకె’, ‘వ్యాఖ్య’ వంటి పదాలు చదువరుల నోట నలిగాయి. ఇవి కూడా ఒకప్పుడు ఎవరో ప్రతిపాదించిన పదాలే. రోజూ రాసేవారు, వారికి బదులిచ్చేవారు ఉండటం వల్ల అవి నిలిచాయి. ఇటువంటి సమూహం ప్రోగ్రామింగ్ విషయంలో ఏర్పడలేదు.

2021లో అఖిలభారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో ఇంజినీరింగ్ బోధనకు అనుమతించింది. పాఠ్యపుస్తకాల అనువాదం కూడా చేపట్టింది. పుస్తకం అవసరమే. కాని ప్రోగ్రామింగ్ విద్యార్థి పుస్తకం మూసిన తర్వాత ఎక్కువ సమయం గడిపేది నిర్దేశికలతోనూ, తోటివారి సమాధానాలతోనూ. అవి తెలుగులో లేనంతకాలం అనువదించిన పుస్తకం ఒంటరిగా మిగులుతుంది.

5. మాట్లాడే తెలుగు, రాయని తెలుగు

పై మూడు వాదాలూ ఒక విషయాన్ని మరిచిపోయాయి. ప్రోగ్రామింగ్‌ను తెలుగులో వివరించడం ఇప్పటికే జరుగుతోంది. హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణకేంద్రాల తరగతుల్లో, యూట్యూబ్ పాఠాల్లో, కార్యాలయాల్లో తెలుగు సహోద్యోగుల మధ్య అది నిత్యం వినిపిస్తుంది. ‘ఈ లూప్ పదిసార్లు తిరుగుతుంది, కండిషన్ ఫాల్స్ అవగానే బయటికి వచ్చేస్తుంది’ వంటి వాక్యం ఆ తరగతుల్లో సర్వసాధారణం. ఇందులో నామపదాలు ఆంగ్లానివి. తిరగడం, రావడం అనే క్రియలు, ‘అవగానే’ అన్న అసమాపకరూపం, ‘వచ్చేస్తుంది’లోని సహాయకక్రియ అన్నీ తెలుగువి. యంత్రం లోపల జరిగే పనిని కళ్ళకు కట్టించే భారం తెలుగు క్రియలే మోస్తున్నాయి.

ఈ మాటతీరును కలగాపులగపు భాషగా కొట్టిపారేయడం సరికాదు. దానికి స్పష్టమైన నియమాలు ఉన్నాయి. ‘ఫైల్ డిలీట్ చేశాను’, ‘ఫైల్ డిలీట్ అయింది’, ‘ఫైల్ డిలీట్ అయిపోయింది’, ‘ఫైల్ డిలీట్ చేయించాను’ అన్న నాలుగు వాక్యాల్లో ఆంగ్లపదం ఒక్కటే. చేయు, అగు, పోవు, చేయించు అనే తెలుగు క్రియల వల్ల కర్త ఎవరో, ఉద్దేశం ఉందో లేదో, పని ఎవరి ద్వారా జరిగిందో తెలుస్తుంది. ఒక దోషాన్ని వెదికేటప్పుడు ముందుగా తేలవలసిన ప్రశ్నలు ఇవే. సకర్మక, అకర్మక, ప్రేరణార్థక భేదాలను ఇంత నేర్పుగా వాడుకుంటున్న ఈ వ్యవహారం పరిశోధనకు అర్హమైనది.

అయితే ఈ తెలుగు గాలిలో కలిసిపోతుంది. తరగతిలో తెలుగులో విన్న విద్యార్థి నోట్సు ఆంగ్లంలో రాసుకుంటాడు. వీడియోలో తెలుగులో చెప్పిన ఉపాధ్యాయుడు తెరమీద ఆంగ్లవాక్యాన్నే చూపుతాడు. మాటకు ఒక భాష, రాతకు మరో భాష అన్న ఈ చీలిక తెలుగు సాహిత్యచరిత్రకు కొత్త కాదు. శిష్టుల నోట ఉన్న భాషను రాతకు పనికిరానిదిగా చూడటాన్ని గిడుగు రామమూర్తి ఒక శతాబ్దం కిందట ప్రశ్నించారు. అప్పుడు రాతపీఠం మీద గ్రాంథికం ఉంది, ఇప్పుడు ఆంగ్లం ఉంది. అయితే ఒక ముఖ్యమైన భేదాన్ని విస్మరించకూడదు. గ్రాంథికాన్ని విడిచినవారికి వృత్తిలో నష్టం పరిమితం. ఆంగ్లాన్ని విడిచిన ప్రోగ్రామర్‌కు వృత్తే దొరకదు. కాబట్టి ఇక్కడ కోరదగినది ఆంగ్లాన్ని తొలగించడం కాదు, దాని పక్కన తెలుగు రాతకు చోటు కల్పించడం.

ఆ చోటు అన్నిటికంటే ముందు కావలసింది ప్రశ్నకు. ఆన్‌లైన్ సమూహాల్లో ప్రశ్న ఒక వచనప్రక్రియగా రూపుదిద్దుకుంది. చేయదలచుకున్నది, చేసినది, ఆశించిన ఫలితం, వచ్చిన ఫలితం వరుసగా చెప్పి, సమస్యను చూపే అతిచిన్న కోడ్‌ను జతచేయడం దాని మర్యాద. ఈ మర్యాద తెలియని ప్రశ్నకు సమాధానం రాదు. భాష తడబడిన ప్రశ్నకు కొన్నిసార్లు మందలింపు వస్తుంది. తన ఇబ్బందిని మాతృభాషలో ఈ క్రమంలో రాయడం అభ్యసించని విద్యార్థి దాన్ని నేరుగా ఆంగ్లంలో రాయబోయి ఆగిపోతాడు. చాలా ప్రశ్నలు అక్కడే అంతరిస్తాయి. సమస్యను విడమరిచి రాయడం ఆలోచనాక్రమానికి సంబంధించిన నైపుణ్యం. అది తెలుగులో అలవడితే ఆంగ్లంలోకి కూడా వెంట వస్తుంది.

6. చేయదగిన పనులు

ఈ దిశలో తెలుగుశాఖలకు ఒక మార్గదర్శకం సిద్ధంగా ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం తొలిసంపుటం 1962లో వ్యవసాయపదాలతో వచ్చింది. తర్వాత చేనేత పదాల సంపుటం వచ్చింది. ఆ కృషి పదాలను గదిలో కూర్చుని సృష్టించలేదు, పనిచేసేవారి నోటి నుంచి సేకరించింది. అదే పద్ధతిలో శిక్షణకేంద్రాల, కార్యాలయాల తెలుగు వ్యవహారాన్ని సేకరించి, ప్రయోగవాక్యాలతో సహా నమోదు చేయడం ఒక పరిశోధనాప్రణాళికకు తగిన పని. నామపదాలను మాత్రమే కాక క్రియాప్రయోగాలను సేకరించడం ఇందులో ప్రధానం.

రెండవది, కళాశాలల్లో తెలుగు, కంప్యూటర్ శాఖలు కలిసి విద్యార్థుల చేత ప్రశ్నలను, సమాధానాలను తెలుగులో రాయించవచ్చు. ఆంగ్ల సాంకేతికపదాలు అందులో ఉండటానికి అభ్యంతరం అక్కరలేదు. వాక్యం తెలుగుది కావాలి, క్రమం స్పష్టంగా ఉండాలి. మూడవది, గణవిభజన, పదవిశ్లేషణ, అకారాదిక్రమం వంటి తెలుగు విషయాలకు చెందిన ప్రోగ్రాములకు వివరణను తెలుగులో రాయడం సహజం. ఆ కోడ్‌ను మెరుగుపరచగలిగేవారు తెలుగు తెలిసినవారే కాబట్టి పైథాన్ శైలీనియమావళి సలహాకు కూడా ఇది విరుద్ధం కాదు.

7. ముగింపు

ప్రోగ్రామింగ్‌లో ఆంగ్లాధిపత్యం యంత్రధర్మం వల్ల కాక సంస్థల నిర్ణయాల వల్ల, తర్వాత అలవాటు వల్ల ఏర్పడిందని పై పరిశీలన వల్ల తెలుస్తుంది. దాని బలం కీవర్డుల్లో స్వల్పం, వివరణలో అపారం. కీవర్డుల అనువాదవాదం స్వల్పమైన చోట శ్రమపడింది. ఘనతావాదం శ్రమే పడలేదు. పదనిర్మాణవాదం శ్రమపడినా వాడుకను తర్వాతికి వదిలింది. ‘మూస’, ‘దారిమార్పు’, ‘టపా’ వంటి పదాల చరిత్ర మాత్రం రాసుకునే సమూహం ఏర్పడితే పదమూ ఆదేశమూ దాని వెంట వస్తాయని చూపుతోంది.

సాఫ్ట్‌వేర్ వృత్తికి తెలుగు మాట ఉంది, తెలుగు రాత లేదు. వివిధ విజ్ఞానాలు నేడు పెద్ద భాషానమూనాల ద్వారా అందుతున్నాయి. రాతలో ఉన్నదే వాటికి ఎక్కువగా అందుతుంది కాబట్టి ఈ లోటు మున్ముందు మరింత బరువవుతుంది. అమీర్‌పేట తరగతిలో చెప్పిన ఒక మంచి వివరణను యథాతథంగా కాగితం మీద పెట్టి, దాని వాక్యాలను పరిశీలించడంతో ఈ పని మొదలు కావచ్చు. అందుకు కొత్త భాషను కనిపెట్టవలసిన అవసరం లేదు.